లగ్గాల బండి

అక్క చనిపోయిందని ఫోన్‌లో విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. పదకొండో రోజున శంషాబాద్‌లో ఆ ఇంటి గేటు తీసుకుని లోపలికి వెళ్లి, రేకుల షెడ్డు కింద ఉన్న కారు మీద పేరుకున్న దుమ్ము చూశాక వచ్చింది. మెరూన్ రంగు కారు. బానెట్ మీద ఎవరో పిల్లలు వేలితో పువ్వు బొమ్మ వేశారు. ఆమె బతికి ఉండగా ఆ పని చేసి ఉంటే ఆ పిల్లలకే కాదు, వాళ్ల అమ్మలకు కూడా పాఠం జరిగేది.

"దుమ్మున్నప్పుడు చెయ్యి పెడితే ఇసుకతోని రుద్దినట్టే గద. ముందుగాల నీళ్లు కొట్టాలె. పోయేదాన్ని నీళ్లతోని పోనియ్యాలె. అటెన్క చెయ్యి" అని, చేతిలో పైపుతో, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది.

ఆమె నాకు చుట్టం కాదు. ఇంటి ఓనరు. విమానాశ్రయంలో కార్గో ఆఫీసులో ఉద్యోగం దొరికి సూర్యాపేట నుంచి వచ్చిన కొత్తలో, ముప్పై దాటినా పెళ్లి కాని ఆడదానికి గది ఇవ్వాలంటే శంషాబాద్‌లో ఇల్లున్న ప్రతివాళ్లకూ ఏదో ఒక ఇబ్బంది వచ్చిపడింది. ఒకాయన మా నాన్నను తీసుకురమ్మన్నాడు. ఇంకొకామె నా డ్యూటీ వేళలు విని, మాట పూర్తి కాకముందే తలుపు వేసేసింది. అలా తిరిగి తిరిగి, చెప్పుల కంటే ఎక్కువగా నేనే అరిగిపోయి ఈ గేటు ముందుకు వచ్చాను. అక్క నన్ను కిందినుంచి పైదాకా చూసి "ఒక్కదానివేనా?" అంది. అవునన్నాను, గొడవకు సిద్ధపడుతూ. "నేను గూడ ఒక్కదాన్నే. పైన గది ఖాళీ ఉన్నది, చూసుకో" అంది. కిరాయి ఎంతో నేను అడిగేదాకా ఆమెకు ఆ సంగతి గుర్తే రాలేదు.

కారు ఆమె భర్త కొన్నది. కొన్న ముచ్చట తీరకముందే ఆయన పోయాడు. పిల్లలు లేరు. మరిది కుటుంబం పాల్మాకులలో ఉంటుంది. ఆయన పోయాక కారు షెడ్డులోనే నిలబడి బ్యాటరీ చచ్చిపోయింది. మెకానిక్ వచ్చి, అమ్మితే అమ్మండి, లేకపోతే నడపండి, ఊరికే పెడితే ఇనుప సామాన్లోడికి ఇవ్వాల్సి వస్తుందని చెప్పాడట. అమ్మబుద్ధి కాలేదు. అందుకని యాభైకి దగ్గరపడ్డ మనిషి డ్రైవింగ్ నేర్చుకుంది. కాలనీ ఆడవాళ్లు కొంతకాలం నవ్వారు. తర్వాత వాళ్లకు వేరే విషయాలు దొరికాయి.

నడపడం కంటే తోమడం ఆమెకు ముందు వచ్చింది. 'తోమడం' అన్న మాట ఊరికే అనలేదు. మొదటిసారి కారును ఆమె గిన్నెలు తోమే పీచుతో, గిన్నెల సబ్బుతో శుభ్రంగా తోమిందట. పూజ సామాను మెరిసినట్టు మెరుస్తుందనుకుంది. ఆరాక ఎండలోకి తీసి చూస్తే ఒళ్లంతా గుండ్రటి గీతలు. "బోర్లించిన బగోన లెక్క కనవడ్డది చెల్లే. ఆయన ఉంటే ఏమంటుండెనో అని గజగజ వణికిన" అని చెప్పి, భర్త లేడన్న సంగతి మరచిపోయి భర్తకు భయపడినందుకు తానే నవ్వేది. ఆ గీతలు పోగొట్టడం కోసం ఫోన్‌లో వీడియోలు చూసి పాలిష్ నేర్చుకుంది, పాలిష్ వెంట వ్యాక్స్ నేర్చుకుంది.

నా డ్యూటీ పొద్దున్నే దిగిపోయే వారాల్లో, గేటు తీసేసరికి షెడ్డు కింద ఆమె ఉండేది. నైటీ, దాని మీద అడ్డంగా కట్టిన చున్నీ, రబ్బరు చెప్పులు. పని మొదలుపెట్టే ముందు చేతికున్న ఒకే ఒక్క బంగారు గాజు తీసి కిటికీలో పెట్టేది. చున్నీకున్న పిన్నీసు లోపలి వైపుకు తిప్పేది. నన్ను దగ్గరికి రానివ్వాలంటే నా మెడలోని ఐడీ కార్డు, నడుముకున్న బెల్టు, చేతి గడియారం అన్నీ తీయించేది. విమానాశ్రయంలో సెక్యూరిటీ దాటి వచ్చిన దాన్ని, ఇంటి దగ్గర మళ్లీ సెక్యూరిటీ. "మీ తనిఖీయే గట్టిదక్కా" అంటే, "మరి? గీత వడితే నువ్వు తీస్తవా?" అనేది.

బోరు నీళ్లతో కడిగేది గానీ ఆఖరున మాత్రం తాగే క్యాన్ నీళ్లు పోసేది. బోరు నీళ్లు ఆరితే ఉప్పు మచ్చలు పడతాయని. మనుషులకు లేని ఫిల్టరు నీళ్లు బండికి పోస్తుందని ఎదురింటామె ఊరంతా చాటింది. కడిగి, తుడిచాక, పలుచటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని కారు మీద మెల్లగా రాసేది. వట్టి చేతికి తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుంది. గరుకు తగిలినచోట ఆగి, మెత్తటి మట్టిముద్దలాంటి దాన్ని సబ్బునీళ్లలో ముంచి రుద్ది తీసేది. అప్పుడు ఆమె కళ్లు మూసుకుని ఉండేది. ఎవరి చెంపో నిమురుతున్నట్టు ఉండేది ఆ వాలకం. నేను చూపు తిప్పుకుని మెట్లెక్కి పోయేదాన్ని. అంత ఒంటరితనం ఎదురుగా నిలబడి చూడటం నాకు చేతకాదు.

పాలిష్ మాత్రం అరుదుగా పట్టేది. "పాలిష్ అంటే పైపొర జర తీసుడే. తీసుకుంట పోతే ఏం మిగుల్తది? వ్యాక్స్ ఎన్నిసార్లన్న పెట్టొచ్చు. అది మీద కప్పుడు" అనేది. వ్యాక్స్ ఎంత పలచగా పెడితే అంత మంచిదని ఆమె సిద్ధాంతం. చిన్న స్పాంజి కొనకు తీసుకుని, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, బానెట్‌లో ఒక మూల మొదలుపెట్టి మెల్లగా తిప్పుకుంటూ పోయేది. అది ఆరి పొగమంచులా తెల్లబడ్డాక మెత్తటి బట్టతో తుడిచేది. తుడిచేకొద్దీ అందులో షెడ్డు రేకులు, వంచిన ఆమె తల, మెట్ల మీద కూర్చున్న నేను కనిపించేవాళ్లం. బట్ట చేజారి కింద పడిందా, ఇక ఆ బట్ట ఆ రోజుకు పనికిరాదు. ఒకసారి నేను తీసి దులిపి ఇవ్వబోతే, అన్నంలో రాయి వేసినట్టు చూసింది.

ఇంత మెరిసే బండి ఎక్కడికి పోయేది? వారానికోసారి హిమాయత్ సాగర్ దాకా. నన్నూ ఒకసారి రమ్మంది. రెండు చేతులతో స్టీరింగ్‌ను గొంతు పట్టుకున్నట్టు పట్టుకుని, ఖాళీ రోడ్డు మీద కూడా మలుపు మలుపుకూ హారన్ కొట్టి, సైకిళ్లకు కూడా దారి ఇచ్చి మొత్తానికి చేర్చింది. కట్ట దగ్గర ఆపి, అద్దాలు దించకుండానే నీళ్ల వైపు చూసింది. "దిగుదామక్కా, గాలి బాగుంది" అన్నాను. "దిగి ఏం చేస్తం? నీళ్లు చూసినం గద" అని బండి తిప్పేసింది. దారిలో నేను ఏదో కబుర్లు మొదలుపెట్టబోతే, "నడిపేటప్పుడు మాట్లాడియ్యకు" అంది. వెనక్కి వచ్చి షెడ్డులో పెట్టాక మాత్రం ఇంజను ఆపకుండా కాసేపు అలాగే కూర్చుంది. "పక్క సీట్ల మనిషి ఉంటే బండి వేరే తీరు నడుస్తది చెల్లే" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా నేను కాదనలేదు, ఎంత విసుగొచ్చినా.

కారు నిజంగా బయటికి పోయేది లగ్గాలకు. పెళ్లిని అక్కడ లగ్గమంటారు. పాల్మాకుల చుట్టుపక్కల వాళ్ల బంధువుల్లో ఎవరింట్లో లగ్గం కుదిరినా, ఫంక్షన్ హాలు మాట్లాడాక చేసే రెండో పని అక్కకు ఫోన్ చేయడం. పెళ్లికొడుకును తేవడానికి, బరాత్ ఊరేగింపుకు, పెళ్లికూతురును సాగనంపడానికి ఆమె బండే కావాలి. అంత మెరుపు ఎవరి బండికీ లేదు. కిరాయి బండ్లకు అసలే లేదు. ఫోన్ పెట్టగానే ఆమె బకెట్లు తీసేది. ఫోన్ చేసినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు "నువ్వు గూడ రా" అనేవారు కాదు. మొగుడు లేని ఆడది లగ్గంలో కనబడకూడదు కదా. కారు మాత్రం కనబడొచ్చు. కారుకు మొగుడు పోలేదు మరి.

నాకు ఒళ్లు మండేది. ఆమెకు మండేది కాదు, అదే నాకు ఇంకా మంట. పూలతో అలంకరించేవాళ్లు టేపులు అంటించి, పీకి, జిగురు మిగిల్చి పోతారని లగ్గానికి ముందు వ్యాక్స్ రెండుసార్లు పట్టేది. ఆ నునుపుకు టేపే అతుక్కునేది కాదు. పూలాయన వచ్చి "ఏం పూసినవమ్మా గిట్ల, దండ వెడితే జారుతున్నది" అని తల పట్టుకునేవాడు. ఆమె నవ్వి, తలుపుల సందుల్లోంచి దారాలు లాగి దండలు ఎలా కట్టాలో చూపించేది. తీరా బండి బయల్దేరే వేళకు తాళంచెవి షెడ్డు గోడ మీద పెట్టి, ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకునేది. ఎవరూ పొమ్మనాల్సిన అవసరం లేదు. "మంచిపనికి పోయేటోళ్లకు ఎదురొద్దు గద" అనేది. తలుపు వెనకాల నిలబడి, ఇంజను చప్పుడు మలుపు తిరిగేదాకా వినేది. "బండి పోయింది గద, నేను పోయినట్టే" అనేది నాతో. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

మర్నాడు బండి తిరిగొచ్చాక ఆమెకు అసలైన పండగ. తలుపులన్నీ బార్లా తీసి, మోకాళ్ల మీద కూర్చుని లోపల వెతికేది. సీట్ల సందుల్లో తలంబ్రాలు, నలిగిన మల్లెలు, జడపిన్ను, ఎవరో పిల్లది పారేసుకున్న గాజుముక్క. వాటిని పట్టి లగ్గం మొత్తం చెప్పేది. "ఎనుక సీటు నిండ తలంబ్రాలే చెల్లే, పిల్ల సంబురంగ పోసినట్టున్నది. గీ పక్క లడ్డు పొడి ఉన్నది చూడు, పిలగానికి ఆకలైనట్టుంది, పాపం తెల్లారి నుంచి పస్తుంటరు గద." పూలదండ తెగి ఉంటే బరాత్‌లో పిల్లలు గట్టిగా ఎగిరారన్నమాట. బానెట్ మీద నల్లటి మసి ఉంటే పటాకులు దగ్గరగా కాల్చారని తిట్టేది. అలా తాను చూడని లగ్గాలన్నీ ఆమెకు నోటికొచ్చు. నేను వెళ్లి చూసొచ్చిన ఒక లగ్గం గురించి నాకంటే ఆమే ఎక్కువ చెప్పింది.

ఆమె లోకంలో కారు కాక ఇంకొకరు ఉండేవారు. మరిది కూతురు లావణ్య. నేను గదిలో చేరిన మరుసటేడు కాలేజీకి దగ్గరని వచ్చి, ఇంటర్ నుంచి డిగ్రీ అయ్యేదాకా పెద్దమ్మ దగ్గరే ఉండి చదువుకుంది. అక్క పొట్టి మనిషి. కారు టాపు అందదు. అందుకని టాపు లావణ్యది. ఇంకెవరి చేయీ పడనిచ్చేది కాదు. ఇద్దరూ చెరో పక్క నిలబడి వ్యాక్స్ పట్టేవాళ్లు, ఈమె కిందినుంచి పురమాయిస్తూ, ఆ పిల్ల పైనుంచి ఎదురు చెబుతూ. డిగ్రీ అయ్యాక పిల్ల పాల్మాకుల వెళ్లిపోయింది. టాపుకోసం అక్క పీట వేసుకోవడం మొదలుపెట్టింది.

లావణ్యకు సంబంధం కుదిరింది. షాద్‌నగర్ అవతల ఊరు. పెండ్లిచూపులకు అక్కను పిలవలేదు. ఒప్పందాలకు పిలవలేదు. ఇంక లగ్గానికి పిలవక తప్పదని నేను అనుకున్నాను. ఒకరోజు మరిదీ, ఆయన భార్యా పత్రికలు పట్టుకుని వచ్చారు. అప్పుడు నేను కింద అక్కతో కూర్చుని ఉన్నాను. మరిది భార్య కుంకుమ భరిణ తీసి నా దగ్గరికి వచ్చి, నా నొసట బొట్టు పెట్టి "లగ్గానికి తప్పకుండ రావాలె" అంది. నేను కిరాయికున్న దాన్ని. ఆ పిల్లను పెంచినామె నా పక్కనే కూర్చుని ఉంది. భరిణ మూత పడింది. పత్రిక మాత్రం అక్క చేతికి అందింది. నా నొసలు కాలినట్టయింది. అక్క పత్రిక మీది పిల్ల పేరు మీద వేలితో రాస్తోంది.

మరిది అన్నాడు, "వదినె, బండి జర మంచిగ తయారు చెయ్యాలె. అన్నీ గీ బండిలనే. డ్రైవర్‌ను మాట్లాడిన."

"డ్రైవర్ ఎందుకు? నేను నడుపుత" అంది అక్క.

మొగుడూపెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"గట్లెట్ల వదినె" అన్నాడు మరిది. "పిలగానోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమనుకుంటరు? డ్రైవర్ అనుకుంటరు. డ్రైవర్ మొగం ఎవలు చూస్తరు? నేను హాల్లకు రాను. స్టీరింగ్ ఇడిచి దిగను. బండిల కూసుంటే ఎదురొచ్చినట్టు గూడ కాదు, అందరితోని పోయినట్టే." ముందే అనుకుని పెట్టుకున్న మాటలని తెలుస్తూనే ఉంది. ఎన్ని రోజులుగా తలుపు వెనకాల నిలబడి అల్లుకుందో. "లగ్గం జూస్తనంటలేను. పిల్లను అత్తగారింట్ల నా చేతులతోని దింపొస్త. గంతే."

బండి ఆమెది. వాళ్లు ఒప్పుకోక తప్పలేదు. పోతూ పోతూ మరిది గేటు దగ్గర ఆగి, "పిలగానోళ్లకు నువ్వెవలో చెప్పొద్దు మరి వదినె. పిల్లకు గూడ చెప్త" అన్నాడు. "నేనే చెప్త పిల్లకు" అంది అక్క.

వాళ్లు పోయాక నేను అరిచాను. డ్రైవర్‌లా పోవడమేమిటి, ఆత్మాభిమానం ఏమైందని అడిగాను. ఆమె అంతా విని, "నువ్వు చదువుకున్నదానివి, నీకు కోపమొస్తది. నాకు పిల్ల గావాలె" అని లేచి బకెట్ల కోసం పోయింది.

ఆ వారమంతా కారు పనే. గరుకు తీసింది, పాలిష్ పట్టింది, వ్యాక్స్ పట్టింది, మళ్లీ పట్టింది. లావణ్యకు పసుపు ముట్టాక బయటికి రాకూడదు కనుక టాపు నాకు అప్పగించింది. అది నాకు దొరికిన గౌరవమని అర్థమై బుద్ధిగా రుద్దాను. "గట్టిగ వద్దు చెల్లే. పసిపిల్లకు నూనె పెట్టినట్టు పెట్టాలె" అంది కింద నుంచి. కన్నపిల్లలు లేని మనిషి ఆ మాట అంటే నా చెయ్యి దానంతటదే మెత్తబడింది.

లగ్గంనాడు ఆమె కట్టుకున్నది బూడిదరంగు చీర. హాలు గేటుకు కొంచెం దూరంగా, వేపచెట్టు లేని చోటు చూసి మరీ ఆపింది, చెట్టు జిగురు బండి మీద పడకుండా. తలుపు వేసుకుని స్టీరింగ్ ముందే కూర్చుంది. లోపల బాజాలు గట్టిగా మోగాయి. తాళి కట్టేశారు. నేను గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని ఆమె దగ్గరికి పరిగెత్తాను. "ఇక్కడినుంచే వెయ్యక్కా" అన్నాను. ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది. "నావి వద్దు. నా పేరు మీద నువ్వెయ్యి. కాదు కాదు, నా పేరు గూడ తియ్యకు, ఉత్తగ ఎయ్యి" అంది. భయం. ఎవరో పెట్టిన భయమే గానీ ఆమెలో అది ఆమెదే అయిపోయింది. మిగతా డ్రైవర్లు ఆమెకు కుర్చీ తెచ్చి వేశారు, తమతోపాటు కూర్చుని తినమన్నారు. వాళ్లు అక్కా అన్నారు. ఆ హాలు దగ్గర నేను కాక ఆమెను వరస పెట్టి పిలిచింది వాళ్లే.

సాగనంపేటప్పుడు లావణ్య అందరినీ పట్టుకుని ఏడ్చింది. కారు ముందు సీటు వైపు మాత్రం చూడలేదు. చూస్తే పెద్దమ్మా అనకుండా ఆగలేదని నాకు తెలుసు. వెనక సీట్లో పెళ్లికొడుకు పక్కన కూర్చోబెట్టారు. బండి కదిలింది. మలుపు దగ్గర హారన్ మోగింది.

తర్వాత జరిగింది ఆమె నాకు మర్నాడు పొద్దున షెడ్డులో చెప్పింది. ఈసారి సీట్ల సందుల్లో వెతకలేదు. వెతకాల్సిన పని లేదు కదా.

"దారి పొడుగూత ఏడుస్తనే ఉన్నది చెల్లే. అద్దంల చూసుకుంట నడిపిన. పిలగాడు మంచోడు, నీళ్లు తాపిచ్చిండు. షాద్‌నగర్ దాటినంక 'డ్రైవరమ్మ మస్తు నిమ్మలంగ నడుపుతున్నది' అన్నడు. అంటే పిల్ల ఏడుపుల నవ్వింది. నన్ను రోజు తిడుతుండె గద, ఎడ్లబండి లెక్క నడుపుతవని." ఆమె కూడా నవ్వింది. "ఇంటి ముందట ఆపిన. హారతి పట్టిన్రు. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకోని కూసున్న. తల ఎత్తితే ఏడుపొస్తదని. గంతల ఎవలో ఒకామె అద్దం కొట్టింది. ఇస్తార్ల బువ్వ వెట్టుకొచ్చింది. భుజమ్మీద తువ్వాల ఏసింది, డ్రైవర్లకు ఏస్తరు చూడు, గట్ల. ఆమె మొగం గూడ సూడలే. దండం పెట్టి తీసుకున్న."

"లావణ్య?"

"కడప కాడ నిలవడి ఎన్కకు తిరిగి చూసింది. నేను చెయ్యితోని ఊకో అన్న. ఊకున్నది. మంచి పిల్ల, మాట ఇన్నది."

"ఒక్క మాట అనొచ్చు కదక్కా! మా పెద్దమ్మ అని ఒక్క మాట!"

"నేనే వద్దన్న గద" అంది. కొత్త తువ్వాలతో మొహం తుడుచుకుంది. ఆ తువ్వాలను ఎప్పుడూ కారుకు వాడలేదు.

ఆ తర్వాత నాకు కార్గో నుంచి సిటీ ఆఫీసుకు బదిలీ అయ్యి, గది ఖాళీ చేశాను. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తే లావణ్య కబుర్లు, కారు కబుర్లు చెప్పేది. పిల్ల రోజూ ఫోన్ చేస్తుందనీ, అత్తగారింటికి రమ్మంటుందనీ, "నేను పోతే గుర్తువడతరు, పరేషాన్ అయితది" అని తానే పోవడం లేదనీ చెప్పింది. ఒకరోజు నిద్రలోనే పోయిందట. పొద్దున్న ఎదురింటామె, షెడ్డులో నీళ్ల చప్పుడు లేదేమా అని వచ్చి చూసిందట.

పదకొండో రోజు షామియానా కింద కుర్చీలు వేశారు. అక్క ఫోటోకు దండ వేసి బల్ల మీద పెట్టారు. లావణ్య నన్ను చూసి వచ్చి పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆమెతోపాటు అత్తగారు కూడా వచ్చింది. బక్కపలచటి మనిషి, లేత పసుపు చీర, నొసట బొట్టు లేదు. ఆమె ఫోటో ముందు వంగి పూలు వేయబోయి ఆగిపోయింది. ఇంకా దగ్గరికి వెళ్లి చూసింది.

"ఈమె డ్రైవరమ్మ గద?" అంది లావణ్య వైపు తిరిగి. "మీ లగ్గంనాడు బండి తెచ్చింది. నేనే బువ్వ వెట్టిన ఈమెకు."

లావణ్య లేచి నిలబడింది. తండ్రి అక్కడే ఉన్నాడు, నేల చూస్తున్నాడు. "మా పెద్దమ్మ" అంది. పోయిన గొంతులోంచి అంత గట్టి మాట వస్తుందని నేననుకోలేదు. "శంషాబాద్ పెద్దమ్మ అని చెప్తుంటి గద అత్తమ్మా, ఈమెనే. నన్ను పెంచింది. పెదనాన్న లేడని, మంచిపనికి ముందల ఉండొద్దని, డ్రైవర్ అని చెప్పి తోలుకొచ్చింది నన్ను."

అందరూ వింటున్నారు. ఆ ఒక్క మాట వినాల్సిన మనిషి ఫోటోలో ఉంది. నాకు ఆ క్షణాన లావణ్య మీద కోపం రాలేదు. ఎవరి మీదా రాలేదు.

లావణ్య అత్తగారు చేతిలోని పూలు అలాగే పట్టుకుని కుర్చీలో కూలబడింది. కొంగుతో ముక్కు తుడుచుకుని, ఫోటో వైపే చూస్తూ అంది.

"నన్ను గూడ గట్లనే బయట పెట్టిన్రు గద బిడ్డా ఆ దినం. మా ఆయన లేడు గద, హారతి మా ఆడబిడ్డ పట్టింది. కొడుకు లగ్గం, కోడలు కాలు పెట్టే యాళ్లకు నేను గేటు బయట డ్రైవర్లకు ఇస్తార్లు పంచుకుంట నిలవడితి. తెలిసుంటే ఇద్దరం ఆ బండిలనే కల్సి కూసునేటోళ్లం."